పంపిన పని – తిరిగివచ్చు ఫలితము

ఒక విద్యార్థి ఉపకారవేతనము కొరకు తన చిన్న సెల్‌ఫోనులో దరఖాస్తు నింపుచున్నాడనుకొందము. పేరు, ఊరు, మార్కులు, బ్యాంకు ఖాతా సంఖ్య మొదలగునవన్నియు ఓపికతో నింపెను. చివరకు ధ్రువపత్రము ఫొటో తీసి జతపరచవలసి యుండెను. తెరమీది కెమేరా బొమ్మను తాకగానే కెమేరా తెరచుకొనెను. ఫొటో చక్కగా పడెను. 'సరే' అని నొక్కి వెనుకకు వచ్చి చూచునప్పటికి దరఖాస్తు అంతయు ఖాళీ! అరగంట శ్రమ నీటిపాలయ్యెను. గడువు ఆ రాత్రితోనే ముగియునదైనచో ఆ విద్యార్థి మనఃస్థితిని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి అనుభవము చౌక ఫోనులు వాడువారికి క్రొత్తది కాదు. ఇందు ఫోను చెడలేదు, ఇంటర్నెట్టు ఆగలేదు, విద్యార్థి తప్పు చేయలేదు. జరిగినదేమనగా, దరఖాస్తు యాప్ ఒక పనిని కెమేరాకు అప్పగించెను. ఆ పని పూర్తియగులోపల అప్పగించిన యాప్ యంత్రపు జ్ఞాపకములో లేకుండ పోయెను. ఫలితము వచ్చునప్పటికి దానిని అందుకొనుటకు అదే యాప్ మరల క్రొత్తగా పుట్టవలసి వచ్చెను. క్రొత్తగా పుట్టిన దానికి పాత సంగతులు తెలియవు.

పనిని పంపుట, ఫలితమును రాబట్టుట అనునది చూచుటకు అల్పవిషయము. కాని దీని వెనుక డెబ్బదియైదు సంవత్సరములకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర యంతయు ఒకే ప్రశ్నచుట్టు తిరుగుచున్నది: ఫలితము ఎచ్చటికి రావలెను? అది వచ్చునప్పటికి అడిగినవాడు అచ్చట లేకపోయినచో ఏమి చేయవలెను?

మూడు పద్ధతులు

నిత్యజీవితమున మనము ఇతరులకు పని యప్పగించు తీరును కొంచెము పరిశీలింతము.

గోధుమల డబ్బా తీసికొని పిండిమరకు పోయి, పిండి పడువరకు అక్కడనే నిలిచి, డబ్బాతో ఇంటికి వచ్చుట మొదటి పద్ధతి. ఇందు పొరపాటునకు తావు తక్కువ. కాని నిలుచున్నంతసేపు మనకు మరియొక పని సాగదు.

వెనుకటి జవాబు కార్డు రెండవ పద్ధతికి ఉదాహరణము. తపాలా శాఖవారు అమ్మిన ఆ జంటకార్డులో ఒక సగముపై మన చిరునామాను మనమే వ్రాసి పంపెడివారము. అవతలివారు జవాబు వ్రాసి పెట్టెలో వేయుటయే తరువాయి. జవాబు వచ్చువరకు మన పనులు మనము చూచుకొనవచ్చును. అయితే ఈలోపల ఇల్లు మారినచో కార్డు పాత యింటి గుమ్మము ముందే పడియుండును.

మూడవది చాకలి గుర్తు. బట్ట యంచున నల్లజీడి రసముతో ఇంటికొక చిన్న గుర్తు పెట్టెడివారు. అందు పేరు లేదు, చిరునామా లేదు. రెండు చుక్కలో, ఒక గీతయో ఉండును. బట్టలు వేసినవారు ఊరికి పోయినను, ఇంటిలోని మరియొకరు ఆ గుర్తును చూచి 'ఇవి మనవే' అని పోల్చుకొనగలరు. అడిగిన మనిషి లేకున్నను గుర్తు మిగులును.

ఈ మూడింటిని మనస్సులో నుంచుకొన్నచో తరువాతి కథ సులభముగా బోధపడును.

కేంబ్రిడ్జిలో పుట్టిన ఉపాయము

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు గణిత ప్రయోగశాలలో ఎడ్సాక్ అను కంప్యూటరు తన మొదటి ప్రోగ్రామును నడిపి, 0 నుండి 99 వరకు గల సంఖ్యల వర్గములను అచ్చువేసెను. మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మింపబడిన ఆ యంత్రములో దాదాపు 3000 వాల్వులుండెను. సంఖ్యలును, ఆజ్ఞలును పాదరసము నింపిన గొట్టములలో ధ్వనితరంగముల రూపమున నిలువ యుండెడివి.

యంత్రము నడచిన కొలదికాలమునకే ఒక చిక్కు ఎదురయ్యెను. వర్గమూలము కనుగొనుట వంటి గణనలు ప్రతి ప్రోగ్రాములోను పలుచోట్ల అవసరమగును. వాటిని ప్రతిచోటను మరల మరల వ్రాయుట వృథాశ్రమ. ఒకసారి సరిగా వ్రాసి, రంధ్రములు గల కాగితపు టేపుపై భద్రపరచి, కావలసినప్పుడు ప్రోగ్రాములో జతపరచుట మేలు. ఇట్టి చిన్న భాగమునకు సబ్‌రొటీను అని పేరు. దానిని ఉపక్రమమని మనము చెప్పుకొనవచ్చును.

ఉపక్రమమునకు పోవుట సులభము. ఫలానా స్థానమునకు దుముకుమని యంత్రమునకు ఆజ్ఞ యిచ్చినచో చాలును. తిరిగివచ్చుట ఎట్లు? ప్రధాన ప్రోగ్రాము దానిని పది చోట్లనుండి పిలువవచ్చును. పని ముగిసిన పిదప ఆ పదింటిలో ఎచ్చటికి మరలవలెనో ఉపక్రమమునకు ఎట్లు తెలియును?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు డేవిడ్ వీలర్. అప్పటికి ఆయన ఇరువదిరెండేండ్ల పరిశోధక విద్యార్థి. ఆయన ఉపాయమిది: ప్రధాన ప్రోగ్రాము దుముకుటకు ముందు తానున్న స్థానపు సంఖ్యను, అక్యుములేటరు అను లెక్కల గడిలో ఉంచును. ఉపక్రమము పని మొదలుపెట్టగానే ఆ సంఖ్యకు ఒక స్థిరసంఖ్యను కలిపి, 'ఫలానా స్థానమునకు మరలుము' అను ఆజ్ఞను తయారుచేసి, దానిని తన చివరి గడిలో తానే వ్రాసికొనును. ఆ పిదప అసలు పని చేయును. చివరి గడికి చేరగానే అక్కడ వ్రాసియున్న ఆజ్ఞయే దానిని ఇంటికి చేర్చును. ఈ ఉపాయమునకు 'వీలర్ జంప్' అను పేరు నిలిచిపోయినది. 1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురును ఎడ్సాక్ పద్ధతులను వివరించుచు ఒక గ్రంథమును ప్రకటించిరి. ప్రోగ్రాము రచనపై వెలువడిన మొదటి గ్రంథముగా అది ప్రసిద్ధి కెక్కినది.

ఒక కొరత మాత్రము మిగిలెను. ఉపక్రమములో తిరుగుదారి వ్రాసికొనుటకు ఒకే గడి యున్నది. అది పని ముగించకమునుపే తన్ను తానే మరల పిలిచినచో రెండవ చిరునామా మొదటి దానిపై పడి దానిని చెరిపివేయును. దీనికి వలసిన ఆలోచన అంతకు ముందే అలన్ ట్యూరింగ్ వ్రాసిన పత్రములో కనబడును. 1945 చివర సిద్ధపరచిన ఏస్ యంత్రపు ప్రణాళికలో ఆయన తిరుగుదారిని 'పాతిపెట్టుట', తరువాత 'త్రవ్వి తీయుట' అను రెండు క్రియలను సూచించెను. 1957లో జర్మనీలో ఫ్రీడ్రిక్ బావర్, క్లౌస్ సామెల్సన్ అనువారు ఇదే తరహా పద్ధతికి పేటెంటు కోరుచు దానిని నేలమాళిగ సూత్రమని పిలిచిరి. 1960లో హాలండు శాస్త్రజ్ఞుడు ఎడ్స్గర్ డైక్‌స్ట్రా, తన్ను తానే పిలుచుకొను ప్రోగ్రాములకు ఈ దొంతర ఎట్లు ఉపయోగపడునో స్పష్టముగా నిరూపించెను.

భోజనశాలలో విస్తళ్ళ దొంతర వంటిదే యిది. చివర పెట్టినది మొదట తీయుదుము. పిలిచినప్పుడెల్ల ఒక చిరునామా పైన చేరును. మరలినప్పుడెల్ల పైనున్నది తొలగును. నేటి సెల్‌ఫోనులోని ప్రతి ప్రోగ్రాములోను ఈ దొంతర కలదు.

ఇంతవరకు జరిగినదంతయు మన పిండిమర పద్ధతియే. పిలిచినవాడు కదలక నిలిచియుండును. పిలువబడినవాడు పని ముగించి ఫలితమును అతని చేతికిచ్చును. అడిగినవాడు మాయమగు ప్రశ్నయే లేదు.

నిలిచియుండనక్కరలేని పద్ధతులు

పిలిచినవాడు ఎల్లప్పుడు నిలిచియే యుండవలెనా? అమెరికాలో మెల్విన్ కాన్వే అను ప్రోగ్రాము రచయితకు ఈ సందేహము కలిగెను. ఒక భాగము అక్షరములను చదివి పదములుగా కూర్చుచుండగా, మరియొక భాగము ఆ పదములను వాక్యములుగా పోల్చుచుండవలెను. వీటిలో ఎవరు యజమాని, ఎవరు సేవకుడు? ఎవరును కారని కాన్వే భావన. ఒకరు కొంత పని చేసి ఆగి రెండవవానికి అవకాశమిత్తురు. రెండవవాడు ఆగినప్పుడు మొదటివాడు తాను విడిచిన చోటనుండియే సాగించును. ఇట్టి సమాన భాగములకు 1958లో ఆయన 'కోరొటీను' అని పేరు పెట్టెను. 1963లో ఒక పత్రములో దానిని లోకమునకు వివరించెను. మధ్యలో ఆగి, స్థానమును గుర్తుంచుకొని, మరల సాగు ఈ గుణము తరువాత అర్ధశతాబ్దమునకు సెల్‌ఫోనులలో అక్కరకు వచ్చినది.

మరియొక వైపున, ఫలితము రాకమునుపే దానికి బదులుగా ఒక చీటీని చేతికిచ్చు ఆలోచన పుట్టెను. 1977లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన హెన్రీ బేకర్, కార్ల్ హ్యూయిట్ అనువారు ఇట్టి చీటీకి 'ఫ్యూచర్' అను మాటను వాడిరి. 1988లో అదే సంస్థలో బార్బరా లిస్కోవ్, లియూబా ష్రీరా అను ఇరువురు స్త్రీలు దీనిని ఒకదానికొకటి దూరముననున్న యంత్రముల మధ్య వాడుటకు అనువుగా తీర్చి 'ప్రామిస్' అని పేరిడిరి.

మన ఊళ్ళలో ప్రామిసరీ నోటు ఎరుగనివారుండరు. నోటు రొక్కము కాదు. రొక్కము రాగలదను హామీ. దానిని పెట్టెలో దాచవచ్చును, వేరొకరికి చూపవచ్చును, గడువు నాటికి తీసికొనిపోయి అడుగవచ్చును. లిస్కోవ్, ష్రీరాల ప్రామిసులో మరియొక మెళకువ కలదు. పని నెరవేరినచో అందు ఫలితము వచ్చి చేరును. విఫలమైనచో విఫలమైనట్లు సమాచారము వచ్చి చేరును. చెల్లని నోటు ఎందుకు చెల్లలేదో నోటు మీదనే వ్రాసి యిచ్చినట్లు!

దూరమందలి యంత్రమును పిలుచుటలో గల అసలు కష్టమును 1984లో జిరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధనాలయమునకు చెందిన ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ తమ పత్రములో చర్చించిరి. ఒక యంత్రములోని ఉపక్రమమును మరియొక యంత్రము తన స్వంతదానివలె పిలుచు ఏర్పాటును వారు నిర్మించిరి. కాని జవాబు రానప్పుడు, పని అసలే జరుగలేదో, జరిగిన పిదప జవాబు దారిలో పోయినదో పిలిచినవానికి తెలియదు. ఉత్తరము పోవునప్పుడు పోయినదా, జవాబు వచ్చునప్పుడు పోయినదా అను సందేహము వంటిదే యిది. పిలిచినవాడును, చేయువాడును వేర్వేరుగా బ్రదుకుచు, వేర్వేరుగా నశింపగలరను సత్యము ఇచ్చట మొదటిసారి బలముగా ముందుకు వచ్చినది.

జేబులోని యంత్రము

2007 నవంబరు 5న గూగుల్ తన భాగస్వాములతో కలసి ఆండ్రాయిడ్ అను నిర్వాహక వ్యవస్థను ప్రకటించెను. దానితో నడచిన మొదటి ఫోను జీ-వన్ 2008 అక్టోబరులో అమెరికా విపణిలోనికి వచ్చెను. దాని పని జ్ఞాపకము 192 మెగాబైట్లు. నేటి చౌక ఫోనులో సయితము దానికి ఎన్నో రెట్లు హెచ్చుగా నుండును.

ఈ చిన్న యంత్రమునకు రెండు నిర్బంధము లుండెను. మొదటిది, తెరను గీయుటకును, వ్రేలి తాకిడిని గ్రహించుటకును ప్రతి యాప్‌లో ఒకే థ్రెడ్డు, అనగా ఒకే ఆజ్ఞల వరుస, నియమింపబడినది. తెర సెకనుకు 60 సార్లు మారవలెనన్నచో ఒక్కొక్క చిత్రమునకు 16 మిల్లీసెకనులకు కొంచెము మించిన వ్యవధియే దొరకును. ఆ వరుస ఇంటర్నెట్టు జవాబు కొరకు పిండిమరవద్ద వలె నిలిచినచో తెర బిగుసుకొనిపోవును. వ్రేలి తాకిడికి 5 సెకనుల వరకు స్పందన లేనిచో, ఈ యాప్ స్పందించుట లేదనియు, మూసివేయవలెనా యనియు వ్యవస్థయే వాడుకరిని అడుగును.

రెండవ నిర్బంధము ఇంకను కఠినమైనది. జ్ఞాపకము చాలనప్పుడు, తెరపై కనబడని యాప్‌ను వ్యవస్థ నిర్దాక్షిణ్యముగా చంపివేయును. వాడుకరికి ఇది తెలియదు. అతడు మరల ఆ యాప్ వైపు రాగానే వ్యవస్థ దానిని తిరిగి బ్రదికించి, పూర్వమున్న తెరనే చూపుటకు యత్నించును.

ఆండ్రాయిడ్‌లో ఒక్కొక్క తెరకు యాక్టివిటీ అని పేరు. ఒక యాప్ లోని తెర వేరొక యాప్ లోని తెరను పిలువవచ్చును. దరఖాస్తు యాప్ కెమేరాను పిలుచుట యిట్టిదే. ఎట్టి పని కావలెనో తెలుపు విన్నపమునకు ఇంటెంట్ అని పేరు. ఇది ఒక యాప్ నుండి మరియొక యాప్‌నకు నేరుగా పోక, వ్యవస్థ ద్వారా పోవును. ఫలితము కోరి పిలుచుటకు మొదటి ఆండ్రాయిడ్ నుండియు 'స్టార్ట్ యాక్టివిటీ ఫర్ రిజల్ట్' అను క్రియ కలదు. పిలుచువాడు విన్నపముతో పాటు తనకు తోచిన ఒక సంఖ్యను ఇచ్చును. పని ముగియగానే 'ఆన్ యాక్టివిటీ రిజల్ట్' అను ద్వారమున మూడు వస్తువులు తిరిగి వచ్చును: తానిచ్చిన సంఖ్య, పని అయినదో కాలేదో తెలుపు మరియొక సంఖ్య, దొరికిన సమాచారము.

అయినదనుటకు -1, రద్దయినదనుటకు 0 గుర్తులు. పిలువబడిన తెర మధ్యలో కూలిపోయినను పిలిచినవానికి 0 చేరును. కావున జవాబు లేక ఎదురుచూచు దురవస్థ ఇచ్చట కలుగదు.

ఎందుకు సంఖ్య?

చాలమంది ప్రోగ్రాము రచయితలు ఈ పద్ధతిని విసుగుకొనిరి. కెమేరాకు 1, పరిచయస్థుల పట్టికకు 2, ఫైలుకు 3 అని సంఖ్యలు పెట్టుకొని, జవాబులన్నియు ఒకే ద్వారమున రాగా వాటిని విడదీసికొనుచుండవలెను. 'ఫలితము రాగానే ఈ పని చేయుము' అని జవాబు కార్డువలె నేరుగా వ్రాసి యిచ్చుటకు వీలు కల్పింపరాదా అని వారి ప్రశ్న.

దీనికి సమాధానము రెండవ నిర్బంధములో ఉన్నది. కెమేరా పెద్ద యాప్; దానికి హెచ్చు జ్ఞాపకము కావలెను. అది తెరచుకొన్నప్పుడు వెనుకనున్న దరఖాస్తు యాప్ చంపబడవచ్చును. అప్పుడు దాని జ్ఞాపకములోని ప్రతి వస్తువును నశించును. జవాబు కార్డుపై వ్రాసిన చిరునామా శూన్యమగును. సంఖ్య అట్లు కాదు. దానిని వ్యవస్థ తన వద్ద ఉంచుకొనును. క్రొత్తగా పుట్టిన తెర ఆ సంఖ్యను చూచి, 'ఇది కెమేరాకు వేసిన గుర్తు' అని పోల్చుకొనును. మనము చెప్పుకొన్న చాకలి గుర్తు ఇదియే.

తెర మరుగునకు పోవు సమయమున వ్యవస్థ దానికి ఒక చిన్న మూట నిచ్చి, 'ముఖ్యమైనవి ఇందు పెట్టుము, మరల పుట్టినప్పుడు ఇత్తును' అని చెప్పును. సాధారణముగా వ్రాత గడులలోని అక్షరములను తానే మూటకట్టును. కాని రచయిత తన ప్రోగ్రాములోనే దాచుకొన్న విషయములను రచయితయే మూటలో పెట్టవలెను. పెట్టనిచో అవి పోవును. మన విద్యార్థి దరఖాస్తు ఖాళీయగుటకు కారణమిదే.

ఫొటో విషయమున మరియొక మెలిక కలదు. యాప్‌ల మధ్య సమాచారమును మోయు బైండర్ అను వాహనము ఒక్కసారి మోయగల బరువు దాదాపు 1 మెగాబైటు మాత్రమే. పెద్ద ఫొటో అందు పట్టదు. కావున పిలుచువాడు ముందే ఒక ఫైలు స్థానమును చూపి, ఫొటోను అచ్చట వ్రాయుమని కెమేరాను కోరును. కెమేరా ఫొటోను అక్కడ పెట్టి 'అయినది' అని మాత్రము చెప్పును. ఆ స్థానమును మూటలో పెట్టుకొనని యాప్‌నకు 'అయినది' అను మాట దక్కును గాని, ఫొటో ఎచ్చటనున్నదో తెలియదు!

ఇట్టి లోపములు తయారీ దశలో బయటపడుట అరుదు. రచయితల బల్లలపై నుండునవి విశాలమైన జ్ఞాపకము గల ఖరీదైన ఫోనులు. వాటిలో యాప్ సులభముగా చావదు. లోపము బయటపడునది చౌక ఫోను గల పేదవాని చేతిలోనే. తెర మరుగుకాగానే దానిని నశింపజేయు ఒక అమరిక ఆండ్రాయిడ్‌లోని రచయితల విభాగమున కలదు. దానిని వాడి పరీక్షించిన రచయిత ఎందరి శ్రమనో కాపాడినవాడగును.

అసింక్ టాస్క్ కథ

యాప్‌ల మధ్య పని సంగతి యిట్లుండగా, ఒకే యాప్ లోపల నెమ్మదిగా సాగు పనులను తెర వరుసకు వెలుపల నడుపుటకు కూడ ఏర్పాటు కావలసి వచ్చెను. 2009 ఏప్రిలులో వచ్చిన ఆండ్రాయిడ్ 1.5లో ఇందుకై 'అసింక్ టాస్క్' అను సాధనమును చేర్చిరి. వెనుక చేయవలసినదొక గడిలోను, ఫలితము రాగానే తెరపై చేయవలసినది మరియొక గడిలోను వ్రాసినచో చాలును. సులభముగా నుండుటచే అది కొలదికాలములోనే పాఠ్యగ్రంథములలోను, యాప్‌లలోను అంతటను వ్యాపించెను.

దాని చరిత్రలో ఒడుదొడుకులు కలవు. మొదట పనులు ఒకదాని వెనుక ఒకటిగా జరిగెడివి. అదే సంవత్సరము వచ్చిన 1.6లో పెక్కు పనులు ఏకకాలమున జరుగునట్లు మార్చిరి. ఒక పని రెండవదాని వస్తువులను త్రొక్కి తప్పులు పుట్టుటచే 2011లో, 3.0లో, మరల వరుస పద్ధతికే వచ్చిరి. ఇంటర్నెట్టు పనిని తెర వరుసపైననే చేయబూనిన యాప్‌ను తత్‌క్షణమే ఆపివేయు కట్టుబాటు కూడ 3.0లోనే వచ్చినది.

అయితే అసింక్ టాస్కు యొక్క అసలు లోపము వేరు. అది జవాబు కార్డు పద్ధతి. పని మొదలుపెట్టిన తెర చిరునామా దానిలో ఇమిడియుండును. ఫోనును నిలువునుండి అడ్డమునకు త్రిప్పినంతనే ఆండ్రాయిడ్ సాధారణముగా పాత తెరను కూల్చి, క్రొత్త కొలతలతో మరియొక తెరను నిర్మించును. వెనుక జరుగుచున్న పనికి ఈ సంగతి తెలియదు. ఫలితము తెచ్చి కూల్చిన యింటి తలుపు తట్టును. ఒక్కొక్కప్పుడు యాప్ కూలిపోవును. ఒక్కొక్కప్పుడు ఫలితము ఎవ్వరికిని అందదు. అంతియేగాక, పని చేతిలో ఆ చిరునామా ఉన్నంతవరకు పాత తెర స్థలమును వ్యవస్థ తిరిగి తీసికొనజాలదు. ఇరుకు జ్ఞాపకము మరింత ఇరుకగును. 2020లో ఆండ్రాయిడ్ 11 వచ్చునప్పుడు ఈ సాధనమును ఇక వాడవలదని ప్రకటించిరి. కారణములుగా వారు చెప్పినవి ఈ తప్పులే.

యజమాని బాధ్యత

ఈ నడుమ పలు సవరణలు జరిగెను. 2017లో గూగుల్ 'వ్యూమోడల్' అను ఏర్పాటును ప్రకటించెను. ఫోను త్రిప్పినప్పుడు తెర కూలినను వ్యూమోడల్ నిలిచియుండి, ఫలితమును అందుకొని, క్రొత్త తెరకు అందించును. ఊరికి పోవువారు పొరుగింటిలో తాళము ఇచ్చి పోయినట్లు! కాని యాప్ మొత్తము చంపబడినచో వ్యూమోడలు కూడ పోవును. అప్పుడు మూటయే గతి. ఫోను ఆపివేసి మరల వెలిగించినను తప్పక జరుగవలసిన పనుల కొరకు 2019లో 'వర్క్‌మేనేజరు' స్థిరరూపము పొందెను. అది పనుల పట్టికను ఫోనులోని శాశ్వత నిలువలో వ్రాసికొనును.

2017 మే నెలలో జెట్‌బ్రెయిన్స్ సంస్థవారి కాట్లిన్ భాషను గూగుల్ ఆండ్రాయిడ్‌కు అంగీకరించెను. 2018లో వచ్చిన కాట్లిన్ 1.3లో కోరొటీనులు స్థిరపడెను. కాన్వే పెట్టిన పాత పేరే! ఇందు రచయిత పిండిమర పద్ధతిలో వలె, 'పని పంపుము, ఫలితము తీసికొనుము, తెరపై చూపుము' అని వరుసగా వ్రాయును. ఆగవలసిన ప్రతిచోటను భాషానువాద యంత్రము, అప్పటి స్థానమును, అప్పటి విలువలను ఒక చిన్న వస్తువులో దాచి, తెర వరుసను ఇతర పనులకు విడిచిపెట్టును. ఫలితము రాగానే ఆ వస్తువు సహాయమున విడిచిన చోటనుండి సాగును. వీలర్ తన చివరి గడిలో వ్రాసికొన్న తిరుగుదారి ఇక్కడ చేతికి తీసికొని తిరుగదగిన వస్తువైనది. 'లాంచ్' అన్నచో పని మొదలగును; 'అసింక్' అన్నచో పనితో పాటు ఒక ప్రామిసరీ నోటు చేతికి వచ్చును.

ఆ సంవత్సరముననే నథానియేల్ స్మిత్, కాట్లిన్ బృందమునకు చెందిన రోమన్ ఎలిజారోవ్ మొదలగువారు ఒక నియమమును గట్టిగా ప్రతిపాదించిరి. ప్రతి పనికిని ఒక యజమాని యుండవలెను. యజమాని పోవునప్పుడు అతని పనులన్నియు రద్దుకావలెను. పిల్లపనులు ముగియక తల్లిపని ముగియరాదు. ఈ నియమమును పాటించినచో కూలిన యింటి తలుపు తట్టు పని యుండదు. ఆపిల్ సంస్థ కూడ 2021లో తన స్విఫ్ట్ 5.5 భాషలో ఇట్టి ఏర్పాటునే ప్రవేశపెట్టెను.

పాత గుర్తు, క్రొత్త వేషము

ఇక కెమేరా వంటి ఇతర తెరలను పిలుచు పద్ధతికి వత్తము. 2020లో పరీక్షార్థము విడుదలయై 2021లో స్థిరపడిన క్రొత్త పద్ధతిలో సంఖ్యలు రచయిత కంటికి కనబడవు. 'రిజిస్టర్ ఫర్ యాక్టివిటీ రిజల్ట్' అను క్రియతో, ఎట్టి వస్తువు నిచ్చి ఎట్టి వస్తువును పొందునో తెలుపు ఒడంబడికను, ఫలితము వచ్చినప్పుడు చేయవలసిన పనిని ముందుగానే నమోదు చేయవలెను. ప్రతిఫలముగా ఒక మీట దొరకును. వాడుకరి బొమ్మను తాకినప్పుడు ఆ మీటను నొక్కి 'లాంచ్' అనవలెను.

నమోదు చేయుట, పంపుట అను రెండును వేరుచేయుటలో గల రహస్యమును పాఠకులు ఇప్పటికే ఊహించియుందురు. తెర పుట్టిన ప్రతిసారియు, పని పంపినను పంపకున్నను, అదే వరుసలో నమోదు జరుగవలెనని నియమము. యాప్ చచ్చి మరల పుట్టినప్పుడు ఫలితము వచ్చుటకు ముందే ద్వారము సిద్ధముగా నుండును. లోపల వ్యవస్థ సంఖ్యనే వాడుచున్నది. ఆ సంఖ్యను గ్రంథాలయము తానే కల్పించి, గుర్తుంచుకొని, పోల్చును. చాకలి గుర్తు పోలేదు. దానిని పెట్టు శ్రమ మాత్రము రచయితకు తప్పినది.

వీలర్ నాటి యంత్రములో తిరుగుదారిని ఎచ్చట వ్రాయవలెనను ప్రశ్న యొక్కటే యుండెను. అడిగినవాడు స్థిరము, అతడు నిలిచియే యుండును. నేటి ఫోనులో అడిగినవాడే అస్థిరుడు. తెర త్రిప్పినంత మాత్రమున, జ్ఞాపకము చాలనంత మాత్రమున అతడు లేకుండపోవును. పని చేయువానిని నమ్ముట ఎట్లని తొలితరమువారు ఆలోచించిరి. అడిగిన తనను తాను నమ్మరాదని ఈ తరమువారు నేర్చుకొనవలసి వచ్చినది.

సాధనములు ఎన్ని వచ్చినను ఒక బాధ్యత మాత్రము రచయితదే. విద్యార్థి వ్రాసిన అక్షరములను, ఫొటో పెట్టిన స్థానమును మూటలో పెట్టుట అతడు మరువరాదు. యాప్ వ్రాయ నేర్చుకొనుచున్న యువకులు ప్రతి పనిని పంపుటకు ముందు, 'జవాబు వచ్చునప్పటికి నేను లేకపోయినచో దీనిని ఎవరు అందుకొందురు?' అని ఒక్కమారు తమ్ము తాము ప్రశ్నించుకొన్నచో, గడువు నాటి రాత్రి చిన్న ఫోను పట్టుకొని కూర్చున్న విద్యార్థి దరఖాస్తు భద్రముగా గమ్యము చేరును.